కాలు జారిన శనివారం

ఈ పత్రికలో నేను రాసేదాన్ని కాదు,
తుడిచేదాన్ని.
గ్రీనక్‌లో, రేవు కనబడే రెండో అంతస్తులో,
వానకి ఉబ్బి సరిగా మూసుకోని కిటికీ పక్కన
పదకొండేళ్ళుగా శనివారం సాయంత్రాలు
జనం మాటల్లోంచి రాళ్ళు ఏరుతున్నాను,
సూపులోకి పప్పు పోసేముందు అమ్మ ఏరినట్టు.

మొదట్లో ఏరగలిగేదాన్ని.
"ఆ రిఫరీకి కళ్ళజోడు కొందాం, మొదటి చందా నాది" అని ఒకడు,
"గోల్‌కీపర్ కంటే మా అత్తగారు నయం,
కప్పయినా జారకుండా పట్టుకుంటుంది" అని ఇంకొకడు.
నవ్వుకుని వదిలేసేదాన్ని.
ఆటలో తిట్టు ఉప్పులాంటిది.
ఒట్టి ఉప్పే వండుకుని తినడం
ఎప్పుడు మొదలెట్టారో
నాకు గుర్తులేదు.

ఆ శనివారం, ఎనభై తొమ్మిదో నిమిషం.
ఎబో డన్‌లప్, పంతొమ్మిదేళ్ళవాడు,
బంతిని వెనక్కి తన్నబోతూ
కాలు జారాడు.
అంతే. తడి గడ్డి. ఒక్క అడుగు.
అవతలి జట్టువాడు నింపాదిగా పోయి
పోస్టుడబ్బాలో ఉత్తరం వేసినట్టు
గోల్లో వేసి వచ్చాడు.

కాలు జారితే లేవొచ్చు.
లేచాడు కూడా, మోకాలి బురద దులుపుకుంటూ.
ఐదింటికల్లా
ఊరు నోరు జారింది.

ఏం రాశారో ఇక్కడ చెప్పను.
తుడిచినదాన్ని తిరగరాయడం నా పని కాదు.
ఇంతమాత్రం చెప్తాను:
వాణ్ణి ఏ దేశం పొమ్మన్నారో
ఆ దేశాన్ని వాడు ఒక్కసారే చూశాడు,
ఏడేళ్ళప్పుడు, అమ్మమ్మ అంత్యక్రియలకి.
పుట్టింది ఇక్కడే, కొండమీది ఆసుపత్రిలో,
మా తమ్ముడు పుట్టిన వార్డులోనే.
వాళ్ళమ్మ అక్కడ నర్సు.
తిట్టినవాళ్ళలో ఎందరి తండ్రులకో
ఆఖరి రాత్రి దీపం తగ్గించిన చెయ్యి ఆమెది.

ఎనిమిదింటికి నాలుగొందలు తుడిచాను.
తొమ్మిదింటికి ఆరొందలు.
అప్పుడొక మాట దగ్గర వేలు ఆగిపోయింది.
పేరు మారుపేరే.
కానీ ఆ వాక్యం నడక నాకు తెలుసు,
ప్రతి ముక్క చివరా "అర్థమైందా?" అనే ఆ అలవాటు.
మంచు పడితే అడక్కుండానే
మా మెట్లమీద ఉప్పు చల్లిపోయే మనిషి.
మా పిల్లి పోతే పెరట్లో గొయ్యి తవ్వి
కాసేపు టోపీ తీసి నిలబడ్డవాడు.

తుడిచాను.
సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.
మీటలు నొక్కిన వేళ్ళకి ఏం అంటుతుందని?

సోమవారం మా సంపాదకుడు గెమ్మెల్
"ఫుట్‌బాల్ కింద ఇక ఎవరూ ఏమీ రాయక్కర్లేదు" అన్నాడు.
పడవల వేళల కింద రాసుకోవచ్చు,
చర్చి కేకుల కింద, చావు కబుర్ల కింద కూడా.
ఒక్క ఆటకే తాళం.
ఊరి నోరు మూశామో
మా చెవులు మూసుకున్నామో
నాకింకా తేలలేదు.

బుధవారం ఒక ముసలాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.
"పర్వీస్" అని పేరు చెప్పగానే లేచి నిలబడ్డాను.
పదకొండేళ్ళలో ఒక్క అక్షరం తుడిచే పని పెట్టని మనిషి.
గెలిచినా ఓడినా, గాలి ఎటు వీచిందో
మాంసం పై ఎంత చల్లారిపోయిందో రాసేవాడు.
"నేనేం చేశానమ్మా?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు, టీ ఉంది.
తాగలేదు. మడిచిన కాగితమొకటి బల్లమీద పెట్టి వెళ్ళాడు.

"ఉత్తరం వైపు గోలు ముందు నీళ్ళు నిలుస్తున్నాయని
మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను.
అక్కడ ఎవరైనా జారతారు.
కుర్రాడిగా నేనూ జారాను.
సోమవారం షిప్‌యార్డులో నన్ను మొహంమీదే తిట్టారు.
మధ్యాహ్నం వాళ్ళ రొట్టె నాతో పంచుకున్నారు.
ఆ పిల్లాడికి రొట్టె ఎవరు పెట్టారు?"

ఎక్కడ అచ్చువెయ్యాలో తెలీక సొరుగులో పెట్టాను.

నిన్న రాత్రి మంచు పడింది.
తెల్లారి తలుపు తీస్తే
మెట్లమీద ఉప్పు, మూలమూలకీ, పొందిగ్గా.
చాలాసేపు గుమ్మంలోనే ఉండిపోయాను,
జారతానన్న భయంతో కాదు.